ఇంటి ఫైబర్ వేగాలు, 4వ పాఠం: 94 దగ్గరే ఎందుకు ఆగుతోంది?

గత పాఠంలో లాన్ కేబుల్ పెట్టి స్పీడ్ టెస్ట్ చెయ్యమంటే, చాలామందికి 93, 94 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోయింది. ప్లానేమో 200ది. 'జీపాన్ అంటే 2.5 గిగా అన్నారుగా' అని అడిగారు (జీపాన్ అంటే ఒకే ఫైబర్‌ని పంచి చాలా ఇళ్లకు నెట్ ఇచ్చే పద్ధతి). వై-ఫై పాఠం వచ్చేసారికి జరుపుదాం, ముందు ఇది తేలాలి.

జీపాన్‌లో దిగువకు 2.488, ఎగువకు 1.244 గిగాబిట్లు. అది ఒక స్ప్లిటర్ (ఫైబర్‌ని ఇళ్లకి చీల్చే పరికరం) మీదున్న ఇళ్లన్నిటికీ ఉమ్మడి సొత్తు, మామూలుగా 32 లేదా 64 ఇళ్లు. దానికంటే కొత్త పద్ధతి ఎక్స్‌జీఎస్-పాన్‌లో రెండు వైపులా 10 గిగా దాకా ఉన్నా అదీ ఉమ్మడిదే. మీ వాటా బయటికొచ్చేది ఫైబర్ బాక్స్ వెనకున్న పోర్టు గుండా. జీఈ (గిగాబిట్ ఈథర్‌నెట్, 1000 ఎంబీపీఎస్) పోర్టయితే టెస్టులో 940 దాకా కనిపిస్తుంది, ఎఫ్‌ఈ (ఫాస్ట్ ఈథర్‌నెట్, 100 ఎంబీపీఎస్) అయితే 94. ఒక పోర్టే జీఈ, మిగతావి ఎఫ్‌ఈగా ఉండే బాక్సులున్నాయి. ముందు మోడల్ నంబరు వెతికి ఏది జీఈయో చూసుకోండి.

జీఈ పోర్టులోనే పెట్టినా 94 వస్తోందా? అయితే చాలావరకు కేబులే. కంపెనీకి ఫోన్ చేసి గొడవపడకండి. 100 ఎంబీపీఎస్‌కి 1, 2, 3, 6 పిన్నుల తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. మిగిలిన 4, 5, 7, 8లో ఒక్కటి సరిగ్గా అంటకపోయినా కొన్ని నెట్‌వర్క్ కార్డులు చప్పుడు చెయ్యకుండా 100కి దిగిపోతాయి, కొన్ని అసలు లింకే ఇవ్వవు. నెట్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఒకే కేబుల్‌ని చీల్చి నాలుగు తీగలు కంప్యూటర్‌కి, నాలుగు కెమెరాకి ఇచ్చే పని మన దగ్గర మామూలే. అలాంటి కేబుల్‌లో గిగాబిట్ ఎప్పటికీ రాదు. క్యాట్-6 పేరుతో అమ్మే రాగిపూత అల్యూమినియం తీగ ఇంకో తలనొప్పి. కొనేముందు కొస గీకండి, లోపల తెల్లగా కనిపిస్తే వద్దనండి.

విండోస్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, ఈథర్‌నెట్‌లోకి వెళ్తే లింక్ స్పీడ్ ఉంటుంది. 100/100 అంటే పైన చెప్పిన జబ్బే. 1000/1000 ఉండి కూడా వేగం రాకపోతే అప్పుడు ఫోన్ చెయ్యండి. పోర్టు దగ్గర లైటు రంగు చూసి తేల్చకండి, ఒక్కో తయారీదారుది ఒక్కో పద్ధతి.

మళ్లీ క్రింపింగ్ (కేబుల్ కొసకి ప్లగ్గు బిగించడం) చేస్తే రెండు కొసలూ ఒకే వరుసలో పెట్టండి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. పేచీ సాధారణంగా నీలం, గోధుమ జతల్లోనే. నేనైతే క్రింపర్ జోలికి పోయేముందు రెండు మీటర్ల రెడీమేడ్ లాన్ కేబుల్ పెట్టి చూస్తాను. దాంతో 1000 చూపిస్తే గోడలో కేబులే దోషి.

అభ్యాసం: ఈథర్‌నెట్‌లో నిండు ప్యాకెట్ తీగ మీద 1538 బైట్ల చోటు తీసుకుంటుంది, అందులో మీ డేటా 1460 బైట్లు. దీన్నిబట్టి 100, 1000 పోర్టులకు గరిష్ఠం లెక్కగట్టండి. కనెక్షన్ పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) అయితే మరో 8 బైట్లు డేటాలోంచి తీసెయ్యండి. తర్వాత ఇంట్లో ఉన్న ప్రతి లాన్ కేబుల్‌కీ లింక్ స్పీడ్ రాసిపెట్టుకోండి, టీవీ వెనకదీ వదలొద్దు.