కొత్త ఆంప్లిఫైయర్ కొనే ముందు జంపఖానా పరవండి

హనుమకొండలో ఆంప్లిఫైయర్లు, స్పీకర్లు రిపేరు చేయడం నా పని. "అన్నా, ఈ సెట్టు ఎవరికైనా ఇప్పించు, ఇంకా పెద్దది తీసుకుంటా" అంటూ వచ్చేవాళ్లు చాలామంది. మూత తీసి చూస్తే లోపల ఏ లోపమూ ఉండదు. పాత ఈఎంఐ తీరకముందే కొత్తదాని మీద మనసు పడుతుంది, ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. అట్లాంటి తమ్ముళ్లకు నేను చెప్పేది ఒకటే: ముందు గదిని సరిచేయండి, తర్వాత చెవులకు పరీక్ష పెట్టండి.

గది మధ్యలో నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఖంగుమని మోగితే తప్పు సెట్టుది కాదు. మన ఇళ్లలో సిమెంటు గోడలు, నున్నటి టైల్స్, పైన స్లాబ్. పాడేవాళ్ల గొంతు వాటికి తగిలి తిరిగొచ్చి మాటలను కలిపేస్తుంది. లక్ష పెట్టి కొన్న స్పీకరైనా అంతే. వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానా ఒకటి తెచ్చి స్పీకర్లకూ మీకూ మధ్య పరవండి. 2018లో జీఐ గుర్తింపు (ఈ ఊరి ప్రత్యేకతే అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చిన నేత అది, మన పక్కనే దొరుకుతుంది. కిటికీలకు మందపాటి పరదాలు, ఎదురు గోడకు పుస్తకాల అల్మారా ఉంటే ఇంకా మంచిది.

బేస్ మాత్రం వీటికి లొంగదు. మూలకు నెట్టిన స్పీకర్‌లో బేస్ ఉబ్బిపోతుంది. అడుగు, అడుగున్నర ముందుకు లాగి, జానెడు జానెడు జరుపుతూ, బాగా తెలిసిన ఒకే పాట వినండి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, వాటికీ మీకూ అంతే దూరం ఉండాలి. ట్వీటర్, అంటే సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్, చెవి ఎత్తులో ఉండాలి. సోఫా గోడకు ఆనుకొని ఉంటే దాన్నీ జరపండి. ఒక ఆదివారం మొత్తం దీనికే ఇవ్వండి.

వాట్లు చూసి మోసపోకండి. 50 నుంచి 100 వాట్లకు పోతే పెరిగే శబ్దం 3 డెసిబెల్సే (శబ్దాన్ని కొలిచే లెక్క). చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే దాదాపు పది రెట్ల పవర్ కావాలి.

ఇక పరీక్ష. స్నేహితుడి ఆంప్లిఫైయర్ తెచ్చి మీ స్పీకర్లకే కలపండి. సౌండ్ కాస్త ఎక్కువున్నదే చెవికి మంచిదిగా తోస్తుంది, షోరూంలో మనసు జారేది చాలాసార్లు అక్కడే. అందుకని ఫోన్ నుంచి 50 హెర్ట్జ్ టోన్ (ఒకే తీరుగా మోగే లోతైన శబ్దం) చిన్నగా వాయించి, స్పీకర్ వైర్ల దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజీ కొలిచి, వాల్యూమ్ తిప్పి రెండు ఆంప్లిఫైయర్లనూ సమానం చేయండి. మామూలు మీటర్లు ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర సరిగ్గా చూపిస్తాయి. తర్వాత ఇంట్లో ఎవరినైనా మీకు చెప్పకుండా ఆంప్లిఫైయర్లు మార్చమనండి. ఏది మోగుతోందని మీకనిపిస్తే అది కాగితం మీద రాస్తూ పోండి, చివర్లో నిజంగా మోగినదానితో సరిచూడండి. పదిహేను సార్లయినా చేయండి. సగానికి అటూఇటూ కుదిరితే మీ చెవికి తేడా తెలియలేదన్నట్టే, డబ్బు దాచుకోండి.

వాల్యూమ్ తిప్పితే గరగరమంటే క్లీనర్ కొట్టిస్తే చాలు. స్పీకర్ ఫోమ్ అంచు పొడిపొడిగా రాలుతుంటే అంచు ఒక్కటే మార్పించవచ్చు. పాత సెట్టును ఇట్లా నిలబెట్టుకోవడం నాకు ఎంతో ఇష్టమైన పని. ఇవన్నీ చేశాక కూడా మార్చాలనిపిస్తే స్పీకర్లు మార్చండి, చెవికి స్పష్టంగా తెలిసే తేడా వాటి మధ్యే ఎక్కువ. ఇంటికి తెచ్చి, మీ గదిలో, జంపఖానా పరిచిన చోట విన్నాకే డబ్బు కట్టండి.