దూరపు రౌటర్‌లో చెయ్యి పెట్టే ముందు ఒక్క కమాండ్

నల్గొండలో కూర్చొని దేవరకొండ బ్రాంచ్ రౌటర్‌లో ఏసీఎల్ (ఏ ట్రాఫిక్‌ను రానివ్వాలో, దేన్ని ఆపాలో చెప్పే రూల్స్ లిస్టు) మారుస్తుంటే ఒక్క లైన్ తప్పు పడిందనుకోండి, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయిన కనెక్షన్) అక్కడికక్కడే తెగిపోతుంది. కర్సర్ కదలదు. ఇక రౌటర్‌కు నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ సంచిలో వేసుకుని బస్సెక్కాల్సిందే. నేను రెండుసార్లు ఎక్కాను.

ఇప్పుడు సిస్కో ఐఓఎస్ (సిస్కో వాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న రౌటర్ అయితే మొదట 'రైట్ మెమరీ' కొట్టి, ఉన్న కాన్ఫిగ్ (రౌటర్ సెట్టింగులు) సేవ్ చేస్తున్నా. తర్వాత 'రీలోడ్ ఇన్ 10'. కన్ఫర్మ్ అడిగితే ఎంటర్ నొక్కాలి. 10 నిమిషాలకు దానంతటదే రీబూట్ అవుతుందన్నమాట. ఆ తర్వాతే మార్పులు మొదలుపెడతాను. మధ్యలో లైన్ పోయిందా, టెన్షన్ పడకుండా చాయ్ తాగి రండి. ముందు సేవ్ చేసిన పాత కాన్ఫిగ్‌తో మళ్లీ లేస్తుంది.

పోలేదా, అయినా తొందరపడొద్దు. వీటీవై లైన్ల (దూరం నుంచి వచ్చే లాగిన్లకు రౌటర్‌లో ఉండే దారులు) మీద పెట్టిన ఏసీఎల్ కొత్తగా వచ్చే లాగిన్లనే ఆపుతుంది, మీరున్న సెషన్ మాత్రం బాగానే నడుస్తుంటుంది. అందుకే ఇంకో విండో తెరిచి మళ్లీ లాగిన్ అయి చూడండి. లాగిన్ అయిందంటే 'రీలోడ్ క్యాన్సిల్', ఆపైన సేవ్. ఇంకెంత టైమ్ ఉందో 'షో రీలోడ్' చెబుతుంది.

చేతి అలవాటుకొద్దీ మధ్యలో సేవ్ కొట్టారో, ఇదంతా దండగ. రీబూట్ అయినా ఆ తప్పు కాన్ఫిగే లేస్తుంది. అప్పుడు మాత్రం బస్సే.