బండి స్టార్ట్ కావట్లేదా? పానా పట్టే ముందు ఇవి చూడండి

పొద్దున్నే పది కిక్కులు కొట్టినా బండి పలకకపోతే ఎవరికైనా టెన్షనే. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ కంగారులో కనిపించిన నట్టల్లా విప్పేస్తారు, లేదా ఎవరో చెప్పారని కొత్త సామాను కొనేస్తారు. నా బండికి ఒక షాపులో కొత్త బ్యాటరీ వేశారు. వారానికే మళ్లీ అదే జబ్బు. చివరికి చూస్తే వైరు బిగించే నట్టు లూజు! అప్పటి నుంచి నాది ఒకటే పద్ధతి: ముందు కళ్లతో చూడటం, తర్వాతే విప్పడం. ఇక్కడ రాసేదంతా మనలో ఎక్కువమంది నడిపే 100 సీసీ బైకుల గురించి.

కిక్ కొడుతున్నా ఇంజిన్ అందుకోదు

హ్యాండిల్ కుడివైపు కిల్ స్విచ్ ఉంటే, ఆఫ్‌లో ఉందేమో చూడండి. పార్కింగ్‌లో పిల్లలు నొక్కేసి పోతుంటారు. పెట్రోల్ ట్యాప్ ఆన్‌లో ఉందా? ట్యాంకు అడుగంటితే రిజర్వ్‌కు తిప్పండి. కార్బ్యురేటర్ బండి అయితే చలికాలం పొద్దున చోక్ లాగాలి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) బళ్లు చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే, వాటికి చోక్ ఉండదు. తాళం తిప్పగానే పెట్రోల్ పంపు రెండు మూడు సెకన్లు సన్నగా మోగాలి. ఆ చప్పుడు లేకపోతే ఫ్యూజు చూడండి.

ఇవన్నీ బాగుంటే అప్పుడు స్పార్క్ ప్లగ్. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, వేడి మీద విప్పితే మరలు పాడవుతాయి. ప్లగ్ చుట్టూ ఉన్న దుమ్ము ముందే ఊదేయండి, లేకపోతే ఆ ఇసుక నేరుగా సిలిండర్‌లో పడుతుంది. విప్పాక ప్లగ్ మొన దగ్గరగా పెట్టుకుని చూడండి. ఇంజిన్ లోపలి సంగతంతా అక్కడే కనిపిస్తుంది. లేత గోధుమ రంగులో ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. పొడి మసి పట్టి ఉంటే గాలి చాలట్లేదు, ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి. పెట్రోల్ తడి ఉంటే ఆరబెట్టి మళ్లీ వేయండి. నూనె జిడ్డుగా ఉండి, సైలెన్సర్‌లోంచి నీలం పొగ కూడా వస్తుంటే అది ఇంట్లో అయ్యే పని కాదు, మెకానిక్‌కు చూపించాలి.

తిరిగి బిగించేటప్పుడు చివరిదాకా వేళ్లతోనే తిప్పండి. మధ్యలో పట్టేస్తే మర అడ్డంగా ఎక్కుతోందని అర్థం, వెంటనే వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టండి. వేళ్లతో పూర్తిగా కూర్చున్నాకే పానా: కొత్త ప్లగ్‌కు సుమారు అర చుట్టు, పాతదానికి చుట్టులో ఎనిమిదో వంతు. అంతకు మించి బలం వాడొద్దు.

సెల్ఫ్ నొక్కితే టక్ టక్, హారన్ నీరసం

బ్యాటరీ దాకా ఎందుకు, ముందు దాని టెర్మినల్స్ చూడండి. తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటే నెగటివ్ వైరు ముందు విప్పి, వేడినీళ్లలో తినే సోడా కలిపి పాత బ్రష్‌తో తోమండి. పూర్తిగా తుడిచి ఆరాక గట్టిగా బిగించండి, నెగటివ్ చివరన. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే బండి ఆపి కొలవండి. 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12కు దిగువన ఉంటే ఛార్జింగ్ పెట్టాలి.

చైన్ టపటపా కొట్టుకుంటోంది

మెయిన్ స్టాండ్ వేసి, తాళం చెవి బయటికి తీసేయండి. ఇంజిన్ నడుస్తుండగా చైన్ తుడవబోయి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు, చక్రం చేత్తోనే తిప్పాలి. కింది చైన్‌ను మధ్యలో పైకీ కిందికీ కదిపితే చాలా బళ్లకు 25-30 మిల్లీమీటర్ల ఆట (వదులు) ఉండాలి. సరైన లెక్క మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. చక్రాన్ని నాలుగు చోట్ల ఆపి కొలవండి, ఎక్కడ బాగా బిగుతుగా ఉందో అక్కడే సర్దాలి. వెనక చక్రం ఇరుసుకున్న యాక్సిల్ నట్టు వదులు చేశాక, చైన్ అడ్జస్టర్ నట్లను రెండు వైపులా గీతలు సమానంగా ఉండేలా తిప్పండి. చివరికి యాక్సిల్ నట్టు గట్టిగా బిగించారో లేదో రెండోసారి చూసుకోండి. స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) పళ్లు కొక్కేల్లా వంగిపోయి ఉంటే చైన్, స్ప్రాకెట్లు కలిపి సెట్‌గా మార్చాల్సిందే.

వెనక బ్రేకు లోతుగా దిగుతోంది

చైన్ సర్దినప్పుడు చక్రం జరుగుతుంది కాబట్టి బ్రేకు కూడా చూసుకోవాలి. డ్రమ్ బ్రేకు అయితే రాడ్ చివర నట్టు తిప్పి, పెడల్ ఆట 20-30 మిల్లీమీటర్లకు తెండి. తర్వాత బ్రేకు వదిలి చక్రం తిప్పితే పట్టేయకుండా తిరగాలి. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు బ్రేకు ప్లేటు మీది బాణం గుర్తు గీతను చేరితే షూలు అరిగిపోయాయి, నట్టు ఎంత బిగించినా లాభం లేదు. ముందు డిస్క్ బ్రేకు ఉండి లివర్ మెత్తగా దిగుతుంటే మాత్రం మీరు చేయి పెట్టొద్దు, బండి నడపకుండా మెకానిక్‌నే ఇంటికి పిలవండి.