ఇంటిపేరు ముందు రాసేవాళ్ల కోసం అవుట్‌లుక్‌లో ఒక సెట్టింగు

మాది ఒడిశాలో బరంపురం. పట్టుచీరల హోల్‌సేల్ కొట్టులో లెక్కలు రాస్తాను, మైక్రోసాఫ్ట్ వాళ్ల అవుట్‌లుక్ ప్రోగ్రాంలో మెయిళ్లు కూడా నేనే చూస్తాను. దసరా ముందు కొత్త సరుకు దిగిందని 340 మంది ఖాతాదార్లకి మెయిల్ మెర్జ్‌లో ఒకేసారి కబురు పంపాను. డియర్ అని, దాని పక్కన వాళ్ల ఫస్ట్ నేమ్ దానంతటదే పడేలా పెట్టాను. మర్నాడు రిటైరయిన మాస్టారు ఒకాయన ఫోన్ చేతిలో పట్టుకుని కొట్టుకే వచ్చేశారు.

"ఏటమ్మా ఇది? డియర్ కర్రి అని రాశావు. మా ఇంట్లో పదకొండుగురం కర్రివాళ్లమే. ఎవరిని పిలిచావు?"

గల్లాపెట్టె దగ్గర మా షావుకారు గారు నవ్వాపుకోలేకపోయారు. నాకేమో టెన్షన్, మిగతా 339 మందికి ఏం పోయిందోనని. తీరా చూస్తే ఒడియావాళ్లకి సరిగ్గానే వెళ్లింది. సాహులు, పండాలు, పాత్రోలు ఇంటిపేరు చివర రాసుకుంటారు కదా. తిరగబడిందల్లా మనవాళ్ల పేర్లే.

ఎందుకలా అయిందో మన ఊరాయన పేరుతోనే చెప్తాను. వరాహగిరి వేంకట గిరి గారు 1894లో ఇక్కడే పుట్టారు, 1969 నుంచి 1974 దాకా రాష్ట్రపతిగా చేశారు. ఆయన పూర్తి పేరు అవుట్‌లుక్ కాంటాక్ట్‌లో ఫుల్ నేమ్ అన్న చోట కొట్టి ట్యాబ్ నొక్కండి. అది వరాహగిరిని ఫస్ట్ నేమ్ అనుకుంటుంది, వేంకటని మిడిల్ నేమ్ అనుకుంటుంది, గిరిని లాస్ట్ నేమ్ అనుకుంటుంది. ఫైల్ యాజ్ గడిలో "గిరి, వరాహగిరి వేంకట" అని వచ్చేస్తుంది. ఇంటిపేరేమో వరాహగిరి! మెయిల్లో పంపినవాళ్ల పేరు మీద రైట్ క్లిక్ చేసి కాంటాక్ట్స్‌లో చేర్చుకున్నా ఇదే లెక్క. మెయిల్ అడ్రసు ముందు కనిపించే పేరుని అది ఇలాగే ముక్కలు చేస్తుంది.

సెట్టింగు మార్చడానికి అర నిమిషం చాలు. నేను చెప్పేది క్లాసిక్ అవుట్‌లుక్ గురించి, అంటే కంప్యూటర్లో ముందునుంచీ ఉన్న పాత రకం. ఫైల్ మెనూలో ఆప్షన్స్, అందులో ఎడమ పక్క పీపుల్. పైన నేమ్స్ అండ్ ఫైలింగ్ అని ఉంటుంది. డిఫాల్ట్ ఫుల్ నేమ్ ఆర్డర్ దగ్గర "ఫస్ట్ మిడిల్ లాస్ట్" ఎంచుకుని ఉంటుంది. దాన్ని "లాస్ట్ ఫస్ట్" చేసి ఓకే కొట్టండి. మూడోది కూడా ఒకటుంది, రెండు ఇంటిపేర్లు పెట్టుకునే స్పానిష్ వాళ్ల పద్ధతి. మనకి దాంతో పని లేదు. దాని కిందే డిఫాల్ట్ ఫైల్ యాజ్ ఆర్డర్ ఉంటుంది. అది లిస్టులో పేరు ఏ అక్షరం కింద చేరాలో చెప్పేది మాత్రమే, పేరుని విడగొట్టేది కాదు. నేను మొదట దాన్నే మార్చి, ఏమీ మారలేదేంటని పూటంతా తల పట్టుకున్నాను.

ఇక్కడ మన సరిహద్దు ఊళ్లకి ఒక చిక్కుంది. శ్రీకాకుళంలో అయితే లాస్ట్ ఫస్ట్ పెట్టేసి మర్చిపోవచ్చు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో సగం లిస్టు తెలుగు, సగం ఒడియా. ఒకరికి సరిచేస్తే ఇంకొకరిది తిరగబడుతుంది. లిస్టులో ఎవరెక్కువో చూసుకుని అటువైపు సెట్టింగు పెట్టుకోవడమే మేలు. మా లిస్టులో మనవాళ్లే ఎక్కువ కాబట్టి లాస్ట్ ఫస్ట్ పెట్టాను. ఒడియావాళ్ల పేర్లు చేర్చేటప్పుడు మాత్రం ఫుల్ నేమ్ బటన్ నొక్కుతాను. ఫస్ట్, మిడిల్, లాస్ట్ అని గడులు వేరువేరుగా వస్తాయి, ఏది ఎక్కడుండాలో చేత్తో పెట్టేస్తాను. మీ దగ్గర ఒడియా పేర్లే ఎక్కువైతే సెట్టింగు ముట్టుకోకండి. మనవాళ్ల పేరు కొట్టేటప్పుడు ఇంటిపేరు తర్వాత ఒక కామా పెట్టండి చాలు, కామా ముందున్నది ఇంటిపేరని దానికి అర్థమవుతుంది.

ఏ సెట్టింగూ పనిచేయనిది ఇనిషియల్స్ దగ్గర. వి. వి. గిరి అని కొడితే లాస్ట్ ఫస్ట్‌లో వి. ఇంటిపేరయి కూర్చుంటుంది, పాత పద్ధతిలో వి. అసలు పేరయి "డియర్ వి." అని వెళ్తుంది. మన పెద్దవాళ్లలో ఎక్కువమంది మెయిల్లో పేరు ఇలాగే పెట్టుకుంటారు. ఇలాంటివి ఫుల్ నేమ్ బటన్ నొక్కి, పిలిచే పేరు ఫస్ట్‌లోనూ ఇనిషియల్స్ లాస్ట్‌లోనూ పెట్టడమే. మూడు ముక్కల పేర్లు కూడా ఒకసారి ఆ బటన్ నొక్కి చూసుకోండి.

ఇంకో సంగతి. ఈ మార్పు ఇకమీదట చేర్చే పేర్లకే. పాత 340 అలాగే ఉంటాయి. ఫైల్, ఓపెన్ అండ్ ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ దారిలో వెళ్లి కాంటాక్ట్స్‌ని సీఎస్‌వీ ఫైలుగా బయటికి తీశాను. ఎక్సెల్‌లో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ కాలమ్‌లు కనిపిస్తాయి. మనవాళ్ల వరసలు ఒక పక్కకి చేర్చి ఆ రెండూ అటూ ఇటూ మార్చాను. ఇంటిపేర్లు తెలిసిన కళ్లు ఉండాలి దీనికి, ఫార్ములాతో అయ్యే పని కాదు. మా షావుకారు గారిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఒక్క మధ్యాహ్నంలో తెమిలింది. తిరిగి లోపలికి తెచ్చేటప్పుడు పాత లిస్టు మీద వేయకండి, కాంటాక్ట్స్‌లో కొత్త ఫోల్డర్ ఒకటి చేసి అందులోకి తీసుకోండి. పదిమందిని తెరిచి చూసి, అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాకే పాతది తీసేయండి.

కామా అలవాటైనవాళ్లు చివరగా ఒకటి చూసుకోవాలి. ఆప్షన్స్‌లోనే మెయిల్ దగ్గర, సెండ్ మెసేజెస్ కింద, అడ్రసుల మధ్య కామా కూడా వాడొచ్చని చెప్పే టిక్కు ఒకటుంది. మామూలుగా అది వేసి ఉండదు. వేసి ఉంటే, టు గడిలో "వరాహగిరి, వేంకట గిరి" అని కొట్టగానే ఒక మనిషి ఇద్దరవుతారు. మా షావుకారు గారి కంప్యూటర్లో ఎవరు వేశారో గానీ ఆ టిక్కు ఉంది. తీసేసి, సెమికోలన్ ఎల్ అక్షరం పక్కనే ఉంటుందని కీబోర్డు మీద వేలుపెట్టి చూపించాను.