ఫ్రీలాన్స్ చేసేవాళ్ళు ఖర్చులు ఎలా రాసుకోవాలి, టాక్స్‌లో ఏవి తగ్గుతాయి

భీమవరం, అమలాపురం, రాజమండ్రి, పాలకొల్లు, ఎక్కడ చూసినా ఇప్పుడు ఇంట్లోంచే పనిచేసి సంపాదించుకునే కుర్రాళ్ళు, ఆడపిల్లలు బాగా పెరిగారు, వెబ్‌సైట్లు చేసేవాళ్ళు, డిజైనర్లు, వీడియో ఎడిటర్లు, పెళ్ళి ఫోటోలు తీసేవాళ్ళు. పనికి వంక పెట్టక్కర్లేదు గానీ రిటర్న్ వేసే టైమొచ్చేసరికి ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకెళ్ళి ఆడిటర్ గారి బల్ల మీద పెట్టేసి ఏదోటి చూడండి సార్ అంటారు. జూన్‌లో పంపిన నాలుగు వేలు దేనికో పంపినోళ్ళకే గుర్తులేకపోతే ఆయన మాత్రం ఏం చూస్తారు చెప్పండి. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నా.

మొట్టమొదట చెయ్యాల్సింది పనికి విడిగా ఒక బ్యాంకు అకౌంటు. క్లయింట్ల డబ్బులన్నీ అందులోకే రావాలి, పనికి సంబంధించిన ఖర్చులన్నీ అందులోంచే పోవాలి, ఇంటి ఖర్చులకి నెలకోసారి జీతం వేసుకున్నట్టు మీ మామూలు అకౌంటుకి మార్చుకోండి. చేపల మార్కెట్టు, గ్యాస్ సిలిండరు, సినిమా టికెట్లు, క్లయింటు అడ్వాన్సు అన్నీ ఒకే స్టేట్‌మెంట్లో కలిసిపోతే తర్వాత విడదీయడం ఎవరి తరమూ కాదు. ఈ ఒక్కటి చేస్తే సగం పని అయిపోయినట్టే, మిగతావన్నీ దీని తర్వాతే.

అందరూ ఖర్చుల గురించే అడుగుతారు గానీ తప్పులెక్కువ జరిగేది ఆదాయం రాసే దగ్గర. హైదరాబాద్ కంపెనీకి 60,000 బిల్లు పంపారనుకోండి, వాళ్ళు 10 శాతం టీడీఎస్ కోసి 54,000 వేస్తారు. చాలామంది 54,000 వచ్చిందని రాసుకుంటారు. అది తప్పు, మీ ఆదాయం 60,000, కోసిన 6,000 మీ పేరు మీద ముందే కట్టిన టాక్స్. మీకు ఎవరెంత ఇచ్చారో డిపార్ట్‌మెంటు దగ్గరుండే లిస్టుని ఏఐఎస్ అంటారు, అందులో 60,000 అనే ఉంటుంది, మీరు తక్కువ చూపిస్తే అక్కడే తేడా పట్టుకుంటారు. 2025 ఏప్రిల్ నుంచి ఒక క్లయింటు ఏడాదిలో ఇచ్చే ఫీజు 50,000 దాటితేనే ఈ కోత, అంతకుముందు 30,000 ఉండేది, కొన్ని టెక్నికల్ సర్వీసులకైతే 2 శాతమే కోస్తారు. మూడు నెలలకోసారి ఇన్‌కమ్‌టాక్స్ పోర్టల్‌లోకెళ్ళి 26ఏఎస్ అనే టీడీఎస్ స్టేట్‌మెంటు తీసి ఎవరెవరు ఎంత కోశారు, అది మీ పాన్ మీద పడిందా లేదా చూసుకోండి, పడకపోతే అప్పుడే ఫోన్ చేసి అడగొచ్చు, ఏడాది దాటాక ఆ కంపెనీలో మీకు బిల్లు పాస్ చేసినాయన ఉంటాడో లేదో తెలీదు.

బయటి దేశం క్లయింట్లకీ ఇదే లెక్క. 500 డాలర్లకి బిల్లు వేస్తే పని ఇప్పించే అప్‌వర్కో, డబ్బు చేర్చే పేపాలో దాని కమిషన్ అది కోసుకుని మిగతాది పంపుతుంది, మీరు మాత్రం మొత్తం 500 ఆదాయం వైపు రాసి, కోసుకున్నది ఖర్చు వైపు రాయాలి.

ఇక ఖర్చులు. యాప్‌లు చాలా ఉన్నాయి గానీ నేనైతే గూగుల్ షీటే చాలంటాను, ఫోన్లో తెరుచుకుంటుంది, ఆడిటర్ గారికి లింకు పంపితే సరిపోద్ది. తేదీ, ఎవరికి, దేనికి, ఏ క్లయింటు పని, ఎంత, ఎలా కట్టారు, అందులో పని వాటా ఎంత శాతం, బిల్లు ఫోటో నంబరు, ఇన్ని గళ్ళు చాలు. ఉదాహరణకి నర్సాపురంలో ఉండే ఫోటోగ్రాఫరు రాజోలు బట్టల షాపు ఫోటోలకి వెళ్ళాడు, సఖినేటిపల్లి రేవు దాటాలి, అప్పుడు ఆ వరస ఇలా ఉంటది: జూన్ 14, పంటు టికెట్టు, మనిషికి బండికి, రాజోలు షాపు పని, క్యాష్, 100 శాతం, బిల్లు లేదు వోచరు 7. ఆ వోచరంటే ఏం లేదు, చిన్న కాగితం మీద తేదీ, ఎవరికి, ఎందుకు, ఎంత అని రాసి సంతకం పెట్టుకోవడమే. చిన్న చిన్న క్యాష్ ఖర్చులకి ఇది చాలు, పెద్దవాటికి మాత్రం బిల్లు అడిగి తీసుకోవాల్సిందే, మన దగ్గర బిల్లు అడిగితే షాపు ఆయన ఏమనుకుంటాడో అని మొహమాటపడతారు, అస్సలు పడొద్దు.

ఫోన్‌పే గూగుల్‌పేలో పంపేటప్పుడు కింద నోట్ రాసే చోటు ఉంటుంది చూడండి, అక్కడ "హార్డ్ డిస్క్, రావులపాలెం పెళ్ళి" అని రెండు ముక్కలు కొట్టండి, రాత్రి పడుకునే ముందు షీట్‌లోకి ఎక్కించండి. వారానికోసారి చేద్దాంలే అంటే సగం మర్చిపోతాం.

బిల్లులు అట్టపెట్టెలో వేసి అటక మీద పెట్టేవాళ్ళుంటారు. పెట్రోల్ బంకుల్లో, షాపుల్లో వచ్చే ఆ నున్నటి కాగితం బిల్లు కొన్ని నెలలకే తెల్లగా అయిపోద్ది, పైగా మన లంక ఊళ్ళలో గోదారి వచ్చిందంటే ఇంట్లోకి నీళ్ళు, 2022 జూలై వరద చూశాం కదా. అందుకని చేతికొచ్చిన వెంటనే ఫోటో తీసి డ్రైవ్‌లో నెలకో ఫోల్డరు పెట్టి పడేయండి.

క్యాష్ విషయంలో ఒక్క రూలు మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి, ఒక మనిషికి ఒకే రోజు 10,000 దాటి క్యాష్ ఇస్తే ఆ ఖర్చు మొత్తం టాక్స్ లెక్కలో ఒప్పుకోరు. పెళ్ళికి రెండో కెమెరా పట్టుకున్న కుర్రాడికి 15,000 నోట్లు చేతిలో పెడితే దాటిన ఐదు వేలు కాదు, పదిహేను వేలూ పోయినట్టే. పొద్దున 8,000 సాయంత్రం 7,000 అన్నా కలిపే చూస్తారు. యూపీఐ కొట్టేయండి, ఏ గొడవా ఉండదు.

ఏవి ఖర్చు కింద వస్తాయంటే, పని కోసం పెట్టినవి. ఇంటర్నెట్టు, సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్లు, డొమైన్, హోస్టింగ్, మెమరీ కార్డులు, కొరియర్, క్లయింటు మీటింగుకి హైదరాబాద్ రైలు టికెట్టు, ఆడిటర్ ఫీజు, మీ కింద పనిచేసినోళ్ళకి ఇచ్చింది. సంక్రాంతికి క్లయింటుకి ఆత్రేయపురం పూతరేకులు పంపినా రాయొచ్చు, ఎవరికి పంపారో పక్కన రాయండి, అదే డబ్బాలు చుట్టాలకి పంపితే మాత్రం రాయకూడదు. బండి మీద పడిన పోలీస్ చలానా, జాతరకి ఇచ్చిన చందా, బట్టలు, సొంత ఇన్సూరెన్స్, కట్టిన ఇన్‌కమ్‌టాక్స్, ఇవేవీ రావు.

చిక్కు వచ్చేది కలిసిపోయిన ఖర్చుల దగ్గర. ఇంట్లో పనిచేస్తే కరెంటు బిల్లు ఒక్కటే వస్తది, అందులో మీ గది ఏసీ, కంప్యూటరు వాటా ఎంత? ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు, న్యాయంగా అనిపించే శాతం ఒకటి అనుకుని, ఎందుకలా అనుకున్నారో షీట్‌లోనే ఒక లైను రాసి, ఏడాదంతా అదే వాడండి. నాలుగు గదుల ఇంట్లో ఒక గది పనికి వాడుతుంటే పావు వంతు అంటే ఎవరైనా ఒప్పుకుంటారు, ముప్పావు అంటే నవ్వుతారు. ఫోను, బండి పెట్రోలు కూడా అంతే, పెట్రోలుకి మాత్రం ఏ రోజు ఎక్కడికి వెళ్ళారో రాసుంటే మాట నిలబడుద్ది. అద్దె ఇల్లయితే అద్దెలో వాటా రాయొచ్చు, సొంతిల్లయితే మీకు మీరే అద్దె ఇచ్చుకున్నట్టు రాయడం కుదరదు. ఇల్లు నాన్నగారి పేరు మీదుంటే ఆయనకి నిజంగా నెలనెలా బ్యాంకు ద్వారా అద్దె పంపి, ఆయన అది తన ఆదాయంలో చూపిస్తేనే రాయండి.

లాప్‌టాప్, కెమెరా లాంటి పెద్ద వస్తువులు కొన్న ఏడాదే మొత్తం తీసెయ్యడం కుదరదు, తరుగుదల కింద ఏటా కొంత తగ్గిస్తారు. కంప్యూటర్లకి 40 శాతం, కెమెరా లాంటి యంత్రాలకి 15, ఫర్నిచర్‌కి 10. ఆ ఏడాదిలో 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే. 80,000 లాప్‌టాప్ సెప్టెంబర్లో కొంటే ఆ ఏడాది 32,000 తగ్గుద్ది, అదే డిసెంబర్లో కొంటే 16,000, మిగిలిన 64,000 మీద మళ్ళీ ఏడాది 40 శాతం అంటే 25,600. కొనాలని ముందే అనుకున్నది ఉంటే దసరా ఆఫర్ల దాకా ఆగేముందు ఈ తేదీ ఒకసారి లెక్కేసుకోండి.

ఇప్పుడు అసలు నిర్ణయం. 44ఏడీఏ అని ఒక పద్ధతి ఉంది, 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి గానీ జనం నోట్లో పాత నంబరే ఉంది కాబట్టి నేనూ అదే రాస్తున్నా. ఇందులో వచ్చిన మొత్తంలో సగం లాభం అని చూపిస్తే చాలు, ఖర్చుల బిల్లులు అడగరు, తరుగుదల కూడా అందులోనే కలిసిపోయినట్టు. రాబడి 50 లక్షల్లోపు ఉండాలి, క్యాష్ 5 శాతం దాటకపోతే 75 లక్షల దాకా. ఐటీ, ఇంజనీరింగ్, టెక్నికల్ కన్సల్టెన్సీ, ఇంటీరియర్ డెకరేషన్, అకౌంటింగ్ లాంటి కొన్ని వృత్తులకే ఇది. పెళ్ళి ఫోటోగ్రఫీ, కంటెంట్ రైటింగ్ ఆ జాబితాలో పేరు పెట్టి లేవు, అవి వ్యాపారం కింద 44ఏడీలోకి, అంటే చిన్న వ్యాపారాలకి ఉన్న ఇలాంటి పద్ధతిలోకి, వస్తాయా లేదా అన్నది ఆడిటర్ గారితో మాట్లాడి తేల్చుకోవాలి, మీకు మీరే అనుకుని వేసెయ్యకండి.

అమలాపురంలో ఒక వెబ్ డెవలపర్‌కి ఏడాదికి 18 లక్షలు వచ్చాయనుకుందాం, 44ఏడీఏలో ఆదాయం 9 లక్షలు. కొత్త రెజీమ్‌లో 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం దాకా రిబేట్, అంటే టాక్స్ మాఫీ, ఉంది కాబట్టి వేరే ఆదాయం లేకపోతే టాక్స్ సున్నా, క్లయింట్లు కోసిన టీడీఎస్ మొత్తం రిటర్న్ వేస్తే వెనక్కొస్తుంది. ఇంకొకాయనకి 40 లక్షలు వచ్చి అందులో 26 లక్షలు కింద పనిచేసినోళ్ళకే పోయిందనుకోండి, మిగిలింది 14 లక్షలే, సగం లెక్కన 20 లక్షల మీద కట్టాలి, సెస్సుతో 2,08,000. అసలు లెక్కలు చూపిస్తే 93,600. అయితే సగం కన్నా తక్కువ చూపించాలంటే పుస్తకాలు రాయాలి, ఆడిట్ చేయించాలి, ఆ ఫీజు పోనూ కూడా ఆయనకి లాభమే. మీరు ఈ ఇద్దరిలో ఎవరో తెలియాలంటే ఏడాదంతా ఖర్చు రాసుండాలి, నేను ఇంత గట్టిగా చెప్పేది అందుకే. కొత్త రెజీమ్‌లో 80సీ, అంటే ఎల్ఐసీ, పీపీఎఫ్ లాంటి పొదుపుల మినహాయింపు, పోయింది కదా ఇంక ఖర్చులు రాసి ఏం లాభం అని కొందరంటారు, అది వేరు ఇది వేరు, పని ఖర్చులు రెండు రెజీముల్లోనూ తగ్గుతాయి.

టాక్స్ ఏడాదికి 10,000 పైన వచ్చేలా ఉంటే అడ్వాన్స్ టాక్స్ కట్టాలి, జూన్ 15, సెప్టెంబరు 15, డిసెంబరు 15, మార్చి 15 వాయిదాలు, 44ఏడీఏ వాళ్ళకి మార్చి 15న ఒకేసారి. కట్టకపోతే నెలకి 1 శాతం వడ్డీ. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా తీసుకోవాలి.

మన వైపు ఇంకోటుంది, నాన్నగారి పొలం కౌలు డబ్బులు, ధాన్యం డబ్బులు మీ అకౌంట్లో వేయిస్తుంటారు. అవి మీ పని అకౌంట్లోకి రానివ్వకండి. మీ పేరు మీదే పొలం ఉంటే వ్యవసాయ ఆదాయం మీద టాక్స్ లేదు గానీ రిటర్న్‌లో చూపించాలి, మిగతా ఆదాయానికి ఏ రేటు పడుద్దో తేల్చే లెక్కలో అది కలుస్తుంది. చేపల చెరువు, రొయ్యల చెరువు ఆదాయం మాత్రం వ్యవసాయం కింద రాదు, దానికి టాక్స్ ఉంది, ఈ తేడా ఆడిటర్ గారికి ముందే చెప్పండి.

ఆయన దగ్గరికి వెళ్ళేటప్పుడు షీట్ లింకు, పని అకౌంటు స్టేట్‌మెంటు, మీరు పంపిన బిల్లులన్నీ, 26ఏఎస్, ఏఐఎస్, ఆ ఏడాది కొన్న పెద్ద వస్తువుల బిల్లులు తీసుకెళ్ళండి. ఏప్రిల్‌లోనే వెళ్తే తీరిగ్గా కూర్చుని మాట్లాడతారు, జూలైలో వెళ్తే ఆఫీసులో కుర్చీ కూడా దొరకదు. రిటర్న్ వేశాక కూడా ఆ ఫోల్డరు కనీసం 7 ఏళ్ళు తీసెయ్యకండి, ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇంట్లో వాళ్ళకి ఎక్కడుందో చెప్పి ఉంచండి.