చలి దిగకముందే: సికిల్ సెల్ ఉన్నవారికీ, వారి ఇంటివారికీ కొన్ని జాగ్రత్తలు

పాడేరు, చింతపల్లి, అరకు ప్రాంతాల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పడే చలిని మామూలు మనిషి ఒక కంబళితో, ఒక నెగడుతో గడిపేస్తాడు. సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారికి అవే నెలలు నొప్పులు తిరగబెట్టే కాలం. కాబట్టి వారి ఏర్పాట్లు దీపావళి నాటికే పూర్తికావాలి. నొప్పి మొదలైన రాత్రి కూర్చుని ఆలోచించుకోవడానికి వ్యవధి ఉండదు.

చలికీ ఈ నొప్పికీ ఉన్న సంబంధం ఇంట్లో అందరికీ తెలిసి ఉండటం మంచిది. ఈ వ్యాధిలో ఎర్రకణంలోని హిమోగ్లోబిన్, ప్రాణవాయువు తగ్గినప్పుడు పోగులు పోగులుగా గట్టిపడి, గుండ్రటి కణాన్ని కొడవలిలా వంచేస్తుంది. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తం నెమ్మదిస్తే కణాలు ప్రాణవాయువు తగ్గిన స్థితిలో ఎక్కువసేపు ఉండి, వంగి, సన్నని నాళాల్లో అడ్డుపడతాయి. ఆ అడ్డు వెనుక ఉన్న ఎముకకు, కండరానికి రక్తం అందకపోవడమే నొప్పి. మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బతికితే ఈ కణం 10 నుంచి 20 రోజుల్లోనే చితికిపోతుంది. అందుకే ఒంట్లో రక్తం తక్కువగా ఉంటుంది, కళ్ళు పచ్చబడతాయి. ఆ పచ్చదనం చూసి పచ్చకామెర్లని పసరు మందుకు తీసుకెళ్ళి రోజులు పోగొట్టుకోవద్దు.

పసిపిల్లల్లో చేతులూ కాళ్ళూ వాచి ఈ జబ్బు కంటికి కనిపిస్తుంది గాని, పెద్దయ్యాక చాలాసార్లు ఏ వాపూ ఉండదు, ఏ గాయమూ ఉండదు. నిన్న సాయంత్రం ఆడుకున్న పిల్లవాడు ఇవాళ తొడ ఎముక పట్టుకుని ఏడుస్తుంటే బడి ఎగ్గొట్టడానికి వేషాలని అనేవారున్నారు, పనికి వెళ్ళలేని కోడలిని ఒళ్ళు వంచదని అనేవారూ ఉన్నారు. నా దృష్టిలో చలికాలపు జాగ్రత్తల్లో మొదటిది ఇక్కడే ఉంది. నొప్పి వచ్చిన రోజున రుజువు అడగకుండా కదిలే మనిషిని ముందే ఒకరిని కుదుర్చుకోవాలి. ఆ మనిషి భర్త కావచ్చు, మేనమామ కావచ్చు, పక్కింటి వదిన కావచ్చు, ఆశా కార్యకర్త కావచ్చు. ఆరోగ్యంగా ఉన్న రోజున, తీరికగా, నొప్పి సాధారణంగా ఎక్కడ మొదలవుతుందో, ఎంతసేపు ఇంట్లో చూడవచ్చో, ఎప్పుడు వాహనం పిలవాలో వారికి చెప్పి ఉంచాలి. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి అప్పుడు ఇవన్నీ విడమరచి చెప్పలేడు.

ఇక ఒంటి సంగతి. చలికాలంలో దాహం వేయదు కనుక నీళ్ళు తాగడం తగ్గిపోతుంది, నీరు తగ్గితే కణం ఇంకా తొందరగా వంగుతుంది. మూత్రపిండాల వల్లగాని గుండె వల్లగాని వైద్యులు వద్దని చెప్పనివారు, పెద్దలైతే రోజుకు సుమారు మూడు లీటర్లు, దాహంతో పనిలేకుండా, గోరువెచ్చగానైనా తాగాలి. స్నానం వేడినీళ్ళతోనే చేయాలి, వాగు స్నానం వద్దు. కాఫీ పండ్ల కోత సరిగ్గా ఈ నెలల్లోనే వస్తుంది. తెల్లవారుజామున మంచుకు తడిసిన తోటలోకి దిగితే బట్టలు మధ్యాహ్నం దాకా ఒంటిమీదే ఆరుతాయి. ఎండ వచ్చాక పనిలోకి దిగేలా మేస్త్రీతో ముందే మాట్లాడుకోవాలి, మార్చుకోవడానికి ఒక పొడి జత వెంట ఉంచుకోవాలి. కూలి కొంత తగ్గుతుంది, నిజమే. కానీ నొప్పితో వారం రోజులు మంచాన పడితే పోయే కూలి అంతకంటే ఎక్కువ. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకోకూడదు. ఆ పొగ రక్తంలో ప్రాణవాయువునే తగ్గిస్తుంది. పండగనాడు థింసా నాట్యంలో రెండు అడుగులు వేయవచ్చు గాని, అలసట రాకముందే పక్కకు వచ్చి కూర్చోవాలి. కల్లు, సారా ఒంట్లో నీటిని లాగేస్తాయి కనుక వాటి జోలికి పోకపోవడమే మేలు.

మందుల విషయంలో ఎక్కువ నష్టం జరిగేది బాగున్న రోజుల్లోనే. నొప్పుల దాడులను తగ్గించడానికి రోజూ వాడే హైడ్రాక్సీయూరియా పూర్తి ఫలితం చూపడానికి నెలలు పడుతుంది కనుక, నొప్పి లేదని దానిని ఆపేసి చలిలో మళ్ళీ మొదలుపెడితే వెంటనే ఆదుకోదు. రక్తపరీక్ష చేయించుకుని, చలికాలానికి సరిపడా మందు, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ముందే తెచ్చుకోవాలి. హైడ్రాక్సీయూరియా వాడుతూ గర్భం కోరుకుంటున్నవారు, భార్యాభర్తల్లో ఎవరైనా సరే, ముందుగా వైద్యులతో మాట్లాడాలి. రక్తం తక్కువని ఎవరో చెప్పారని ఐరన్ టానిక్కు సొంతంగా తాగకూడదు, ఇక్కడి లోపం చాలామందిలో ఇనుముది కాదు. నొప్పికి వేడి కాపడం పెట్టాలి, ఐసు ఎన్నడూ పెట్టకూడదు. ఊళ్ళో దొరికే స్టెరాయిడ్ ఇంజెక్షను ఒక పూట హాయినిచ్చినా, తర్వాత నొప్పి మరింత బలంగా తిరగబెట్టవచ్చు. న్యుమోనియా టీకా, ఫ్లూ టీకా వేయించారో లేదో ఇప్పుడే చూసుకోవాలి. దోమతెర చలిలోనూ తీయవద్దు, ఈ వ్యాధి ఉన్నవారికి మలేరియా ప్రమాదకరం.

కొన్ని సూచనలు కనబడితే ఇంట్లో చూద్దామనే మాటే వద్దు. జ్వరం 101 డిగ్రీల ఫారన్‌హీట్ చేరినా, ఛాతీలో నొప్పితో ఊపిరి అందకపోయినా, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పినా, మాట తడబడినా, పిల్లల కడుపు ఎడమవైపు ఉబ్బి ఒళ్ళు పాలిపోయినా, మగవారికి అంగస్తంభన గంటల తరబడి తగ్గకపోయినా ఆసుపత్రికి వెళ్ళవలసిందే. చివరిది చెప్పుకోవడానికి సిగ్గుపడి ఆలస్యం చేస్తే నష్టం శాశ్వతం కావచ్చు. రోడ్డు లేని గూడెమైతే 108 వాహనం ఎక్కడిదాకా రాగలదో, అక్కడిదాకా డోలీ మోసే నలుగురు ఎవరో ముందే అనుకుని ఉండాలి.

వెంట ఒక కాగితం ఉండాలి. వ్యాధి పేరు, మామూలు రోజుల్లో హిమోగ్లోబిన్ ఎంత, వాడుతున్న మందులు, కిందటిసారి ఏ మందుకు నొప్పి తగ్గింది, ఎప్పుడు రక్తం ఎక్కించారు అన్నవి దానిమీద రాసి ఉంటే, మిమ్మల్ని ఎన్నడూ చూడని రాత్రి డ్యూటీ డాక్టరుకు కూడా మీ మాట మీద నమ్మకం కుదురుతుంది. 2023 జూలైలో మొదలైన సికిల్ సెల్ నిర్మూలన జాతీయ కార్యక్రమం కింద పరీక్ష చేయించుకున్నవారి కార్డు కూడా దానితోపాటే ఉంచాలి. ఆ కార్డులో వాహకులని, అంటే జబ్బు లేకుండా తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే ఆ లోపం సంక్రమించినవారని, ఉంటే కంగారు పడవద్దు, వారికి సాధారణంగా ఈ నొప్పుల దాడులు రావు. అయితే ఇద్దరు వాహకులు పెళ్ళాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి ఉంటుంది.

హక్కుగా అందే సాయాన్ని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో సికిల్ సెల్ ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ వ్యాధి ఉన్నవారికి నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది, దానికి ప్రభుత్వ వైద్యుల ధ్రువీకరణ కావాలి. తోటి కుటుంబాలను కలవాలనుకునేవారికి హైదరాబాదులో తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి పనిచేస్తోంది. అంత దూరం వెళ్ళలేనివారు, రక్తపరీక్ష రోజున అదే ఆసుపత్రి వరండాలో కూర్చున్న మరో తల్లి ఫోను నంబరు తీసుకున్నా చాలు.

పిల్లలు ఆశ్రమ పాఠశాలలో ఉంటే ఆ కాగితం నకలు ఒకటి వార్డెనుకు, ఒకటి క్లాసు టీచరుకు, ఒకటి ఏఎన్ఎంకు ఇవ్వాలి. వేడినీళ్ళ స్నానం, పక్కనే నీళ్ళ సీసా, అడిగినప్పుడల్లా మూత్రానికి వెళ్ళనివ్వడం, చలిలో ఉదయపు పరుగు నుంచి మినహాయింపు, ఈ నాలుగింటినీ నోటిమాటగా వదిలేయకుండా అర్జీగా రాసి ఇవ్వాలి. సంక్రాంతి సెలవుల తర్వాత వార్డెను మారితే కొత్తవారికి మళ్ళీ ఇవ్వాలి.