నిలకడగా జాంగో – 4వ పాఠం: 4.2 నుంచి 5.2కి మారడం

గత పాఠంలో తిరుపతి లాడ్జి గదుల బుకింగ్ సైటుకు టెస్టులు రాసుకున్నాం. ఇప్పుడు అదే సైటును, పైథాన్‌లో సైట్లు కట్టే సాధనమైన జాంగో 4.2 నుంచి 5.2కి మారుద్దాం. రెండూ ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం ప్యాచ్‌లు అందే) వెర్షన్లే. 4.2కి సెక్యూరిటీ ప్యాచ్‌ల గడువు 2026 ఏప్రిల్, 5.2కి 2028 ఏప్రిల్. జాంగోలో ఎనిమిది నెలలకో కొత్త వెర్షన్, రెండేళ్లకో ఎల్‌టీఎస్ వస్తాయి. లాడ్జి సైటుకు ప్రతి వెర్షన్ వెంటా పరుగు అక్కర్లేదు. కానీ యాత్రికుల ఫోన్ నంబర్లు, గుర్తింపు కార్డుల కాపీలు పెట్టుకున్న సైటును గడువు తీరిన వెర్షన్ మీద నడపడం మాత్రం తప్పు.

ముందు క్యాలెండర్ చూడండి. బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి, వేసవి సెలవులకు ముందు మూడు వారాల నుంచి సర్వర్ జోలికి పోవద్దు. గదులు ఖాళీగా ఉండే వారంలో, వారం మధ్యలో పెట్టుకోండి.

4.2లో ఉండగానే ఈ కమాండ్ నడపండి: పైథాన్ -డబ్ల్యూఏ మేనేజ్.పీవై టెస్ట్. డబ్ల్యూ పెద్దక్షరం, ఏ చిన్నక్షరం. మామూలుగా దాగి ఉండే హెచ్చరికలన్నీ బయటికొస్తాయి. 5.0లో, 5.1లో తీసేయబోయేవన్నీ 4.2 ఇక్కడే చెప్పేస్తుంది. 5.0 నుంచి 5.2 దాకా కొత్తగా వద్దన్నవి కనీసం 6.0 వచ్చేదాకా పనిచేస్తూనే ఉంటాయి. అందుకే 4.2లో హెచ్చరికలు పోగొట్టుకుంటే 5.2 దాకా దారి చాలావరకు సాఫీ.

ఒక్క చిక్కుంది. టెస్టు నడిపిన లైన్లకే హెచ్చరిక వస్తుంది. లాగౌట్‌ని మామూలు లింకుగా పెట్టి, దాన్ని ఏ టెస్టూ నొక్కకపోతే 4.2లో చడీచప్పుడూ ఉండదు. 5.0లో రిసెప్షన్‌లో ఉన్నవాళ్లు నొక్కగానే 405 (ఈ పద్ధతి కుదరదు) ఎర్రర్. దాన్ని పోస్ట్ పద్ధతిలో పంపే ఫారంగా మార్చి, దానికో టెస్టు రాయండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది యూజ్_టీజెడ్, అంటే టైమ్ జోన్ల సెట్టింగు. సెట్టింగ్స్ ఫైలులో ఆ లైను లేకపోతే 4.2 దాన్ని ఫాల్స్ అనుకుంటుంది, 5.0 ట్రూ అనుకుంటుంది. మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో పాత సమయాలు మన సమయంలోనే ఉన్నాయి కదా, 5.0 వాటిని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకొని ఐదున్నర గంటలు కలుపుతుంది. 10వ తేదీ రాత్రి 10 గంటలకు దిగినవాళ్లు 11వ తేదీ తెల్లవారుజామున 3:30కి దిగినట్టు కనిపిస్తారు. బిల్లులో ఒక రోజు గల్లంతు. ఎర్రర్ రాదు, పేజీ చక్కగా తెరుచుకుంటుంది, అదే ప్రమాదం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఈ బెడద లేదు. ప్రస్తుతానికి యూజ్_టీజెడ్ = ఫాల్స్ అని స్పష్టంగా రాసేయండి. పాత డేటాను యూటీసీకి మార్చడం వేరే పని, వేరే రోజు. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది చెడిందో తేల్చుకోలేరు.

ఇక వెర్షన్ పెంచడం. పైథాన్ 3.10 గానీ ఆపైది గానీ ఉండాలి. మీ కంప్యూటర్లో 5.0, 5.1, 5.2 వరుసగా ఎక్కించి, ప్రతి మెట్టు మీదా టెస్టులు నడపండి. కావాల్సిన లైబ్రరీల జాబితా ఉండే రిక్వైర్‌మెంట్స్ ఫైలులో ~=5.0 అని రాస్తే, వాటిని ఎక్కించే పిప్ నేరుగా 5.2కి దూకుతుంది. 5.0 దగ్గరే ఆగాలంటే ~=5.0.0 అని రాయాలి. ఈ చివరి సున్నా దగ్గర చాలామంది బోల్తా పడతారు. బయటి లైబ్రరీల్లో ఏదైనా 5.2కి సిద్ధంగా లేకపోతే దాని కొత్త వెర్షన్ కోసం చూడండి. కొన్నేళ్లుగా ఎవరూ పట్టించుకోని లైబ్రరీ అయితే తీసేయడమే మేలు.

సర్వర్‌లోకి 5.2 ఒక్కటే వెళ్తుంది. ఎక్కించే ముందు డేటాబేస్ కాపీ తీసి, దాన్ని ఇంకో చోట తెరిచి చూడండి. తెరవని కాపీ ఉన్నా లేనట్టే. ఎక్కించాక ఒక గది బుక్ చేసి, రద్దు చేసి, నిన్నటి బిల్లు ఒకటి తీసి దిగిన సమయాన్ని రిజిస్టరుతో సరిచూడండి.

5వ పాఠంలో పాత సమయాలను యూటీసీకి మార్చే మైగ్రేషన్ (డేటాబేస్‌ను మార్చే ఫైలు) రాద్దాం. ఈలోపు మీ మోడల్స్‌లో డేట్‌టైమ్‌ఫీల్డ్ (తేదీ, సమయం దాచే గడి) ఎక్కడెక్కడ ఉందో జాబితా రాసి పెట్టుకోండి.